1947 ఆగస్టు 15న మన జాతీయ గీతం ఏది? మా అమ్మాయికి మార్కు పోయింది

పిల్లకాలువ
మా అమ్మాయి ఏడో తరగతి. మొన్న స్కూల్లో జీకే టెస్ట్ పెట్టారు. అందులో ఒక ప్రశ్న: స్వాతంత్ర్యం వచ్చిన రోజున మన జాతీయ గీతం ఏది? ఆప్షన్లు జనగణమన, వందేమాతరం, సారే జహాసె అచ్ఛా, పైవేవీ కావు. ఇది నాలుగోది పెట్టింది. తప్పని కొట్టేసి, జనగణమనకి టిక్ పెట్టి పంపారు.

నిజం చెప్పాలంటే నాకూ జనగణమనే అనిపించింది. ఇంత తేలిక ప్రశ్న ఎలా తప్పావే అని కసిరాను కూడా. అది మాట్లాడకుండా పుస్తకం తెచ్చి 1950 జనవరి 24 అన్న తేదీ చూపించింది. అప్పుడు కదా నాన్నా గుర్తించింది, 1947లో ఎలా అవుతుంది అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రెండున్నరేళ్లు మనం ఏం పాడుకున్నాం? అసలు అంతకుముందు ఏం పాడేవాళ్లు? సోమవారం వెళ్లి టీచర్‌తో మాట్లాడదామనుకుంటున్నా. గొడవకి కాదు. కానీ వెళ్లేముందు విషయం తెలియాలి కదా.

బెజవాడ_బుల్లోడు
అమ్మాయి కరెక్టు. టీచర్ రాంగ్. థ్రెడ్ క్లోజ్ చేసేయండి.

పాతపేపర్లు
క్లోజ్ చేస్తే ఎలా, అసలు మజా ఇప్పుడే ఉంది.

1947 ఆగస్టు 14 రాత్రి 11 గంటలకి రాజ్యాంగ సభ సమావేశం మొదలైంది. నెహ్రూ అర్ధరాత్రి ప్రసంగం అందరికీ తెలుసు. కానీ ఆ సమావేశం మొదలైంది పాటతో, ముగిసింది పాటతో. మొదట్లో సుచేతా కృపలానీ వందేమాతరం మొదటి చరణం పాడారు. చివర్లో మళ్లీ ఆవిడే సారే జహాసె అచ్ఛా మొదటి పాదాలు, తర్వాత జనగణమన మొదటి చరణం పాడారు.

అంటే మీ క్విజ్‌లో ఉన్న మూడు ఆప్షన్లూ ఆ రాత్రి ఆ హాల్లో వినిపించాయి. మూడింటిలో ఏదీ అధికారికం కాదు. మీ అమ్మాయి పెట్టిన నాలుగోదే సరైన జవాబు.

బెజవాడ_బుల్లోడు
మూడూ పాడారంటే "పైవన్నీ" అని ఐదో ఆప్షన్ ఉండాలి కదా గురూ.

లా_పాయింట్
అందరూ ఒకటి మర్చిపోతున్నారు. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్. ఆరో జార్జ్ అప్పటికీ మన రాజే, గవర్నర్ జనరల్ ఆయన ప్రతినిధే. కాబట్టి కాగితం ప్రకారం చూస్తే గాడ్ సేవ్ ది కింగ్ అనాలి. ఆ ఆప్షనే ఇవ్వలేదు క్విజ్‌లో.

గోదారిగట్టు
లా పాయింట్ గారూ, మీరు వాదిస్తే ఆ పిల్లకి ఉన్న మార్కులు కూడా పోతాయి.

పాతపేపర్లు
లా పాయింట్ గారి మాట సరదాకి బాగుంది, కానీ నిలబడదు. 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగ సభలో దీనిమీదే వివరంగా మాట్లాడారు. స్వాతంత్ర్యం రాగానే బ్యాండ్లు వాయించడానికి మనదంటూ ఒక బాణీ కావాలి, జెండా ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం అయిందన్నారు. సైన్యం పరేడ్‌లు ఉంటాయి, విదేశాల్లో ఎంబసీలు ఉంటాయి. స్వతంత్ర దేశం బ్యాండు నిలబడి గాడ్ సేవ్ ది కింగ్ వాయిస్తే ఎలా ఉంటుంది చెప్పండి.

అదే ప్రకటనలో న్యూయార్క్ సంగతి ఉంది. 1947లో ఐక్యరాజ్య సమితి సమావేశాలకి మన బృందం వెళ్లింది. ఒక కార్యక్రమంలో మీ జాతీయ గీతం ఇవ్వండి, మా ఆర్కెస్ట్రా వాయిస్తుంది అని అడిగారు. మనవాళ్ల దగ్గర అధికారికమైనది ఏదీ లేదు. చేతిలో ఉన్నది జనగణమన రికార్డు ఒకటి. అదే ఇచ్చారు. ఆర్కెస్ట్రా వాళ్లు సాధన చేసి వాయిస్తే, వచ్చిన దేశాలవాళ్లకి తెగ నచ్చేసిందట. నెహ్రూ ప్రాంతాల గవర్నర్లకి ఉత్తరాలు రాసి అభిప్రాయం అడిగారు. ఒక్క సెంట్రల్ ప్రావిన్సెస్ గవర్నర్ తప్ప అందరూ జనగణమనకే ఓటు. అప్పుడు కేబినెట్ "రాజ్యాంగ సభ తేల్చేదాకా తాత్కాలికంగా ఇదే" అంది.

పిల్లకాలువ గారూ, టీచర్‌కి ఇది చెప్పండి. 1947 ఆగస్టు 15న ఏదీ లేదు. 1948లో తాత్కాలికంగా జనగణమన. 1950 జనవరి 24న ఖాయం.

పిల్లకాలువ
రికార్డు చేతికి దొరకబట్టి జాతీయ గీతం అయిందా! ఇది చెబితే మా అమ్మాయి ఎగిరి గంతేస్తుంది.

సీతాఫలం
చేతికి దొరకబట్టి అనకండి, అది మరీ తీసిపారేసినట్టు ఉంది. ఆ రికార్డు వాళ్ల పెట్టెలో ఎందుకు ఉందో కూడా చూడాలి కదా. అప్పటికే జనం పాడుతున్న పాట కాబట్టే ఉంది.

సింగపూర్_సుబ్బు
సీతాఫలం గారి మాట నిజం. ఆ జనంలో ఎక్కువ వాటా నేతాజీ సైన్యం ఆజాద్ హింద్ ఫౌజ్‌ది, అదే ఐఎన్ఏ. నెహ్రూ కూడా ఆ ప్రకటనలో ఐఎన్ఏ పేరెత్తారు.

నేతాజీ జర్మనీలో ఉండగా, 1941లో బెర్లిన్‌లో ఫ్రీ ఇండియా సెంటర్ పెట్టినప్పుడే జనగణమనని జాతీయ గీతంగా ఎంచుకున్నారు. 1942 సెప్టెంబర్ 11న హాంబర్గ్‌లో ఒక సభలో జర్మన్ ఆర్కెస్ట్రా దాన్ని వాయించింది. మన గడ్డమీద బ్రిటిష్ వాళ్లు ఉండగానే, సముద్రాలకి అవతల మన జాతీయ గీతం ఒకటి మోగిపోయింది.

తర్వాత ఆయన ఇక్కడికి వచ్చారు. 1943 అక్టోబర్ 21న సింగపూర్ కేథే బిల్డింగ్‌లో ఆజాద్ హింద్ ప్రభుత్వం ప్రకటించారు. ఆ బిల్డింగ్ ముఖభాగం ఇప్పటికీ ఉంది, నేను బస్సులో దాని ముందునుంచి వెళ్తుంటా. ఆ ప్రభుత్వానికి అందరికీ అర్థమయ్యే హిందుస్థానీలో పాట కావాలన్నారు. అలా వచ్చిందే శుభ్ సుఖ్ చైన్. జనగణమన బాణీలోనే, మాటలు మాత్రం మార్చి.

ఇరానీ_చాయ్
సుబ్బన్నా, అసలు పేరు చెప్పకుండా వదిలేశావు. శుభ్ సుఖ్ చైన్ రాసినవాళ్లలో ఒకరు ఆబిద్ హసన్ సఫ్రానీ. మా హైదరాబాదీ. జర్మనీ నుంచి జపాన్ వైపు నేతాజీతోపాటు సబ్‌మెరైన్‌లో వెళ్లింది ఈయనే. జైహింద్ అన్న పలకరింపు కూడా ఈయన చలవే అంటారు. ట్యాంక్‌బండ్ మీద వెళ్తూ జైహింద్ అనేవాళ్లలో ఎంతమందికి తెలుసు ఈ సంగతి?

సింగపూర్_సుబ్బు
ముంతాజ్ హుస్సేన్‌తో కలిసి రాశారు. బ్యాండుకి కట్టింది కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకురీ. హైదరాబాద్ వాటా నీకు ఇచ్చేశాను చాయ్, ఇక గొడవ పడకు.

మదనపల్లె_టమాటా
ఇప్పటిదాకా ఓపిగ్గా చూశాను. ఒక్కరంటే ఒక్కరు మదనపల్లె పేరు ఎత్తలేదు. జనగణమన బాణీ పుట్టిందే మా ఊళ్లో! 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మా థియొసాఫికల్ కాలేజీకి వచ్చి ఉన్నారు. అక్కడ పాడి వినిపించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి బాణీ కట్టింది. ఠాగూర్ ఇంగ్లీషులోకి అనువాదం చేసింది కూడా ఇక్కడే, ఫిబ్రవరి 28న.

పాతపేపర్లు
టమాటా గారూ, సగం మీకు ఇస్తాను. ఇంగ్లీషు అనువాదం మదనపల్లెలో జరిగింది, అందులో తిరుగులేదు. కానీ 1911 డిసెంబర్ 27నే కలకత్తా కాంగ్రెస్ మహాసభలో ఈ పాట పాడారు కదా. బాణీ లేకుండా పద్యంలా చదివారా? బాణీ ఠాగూర్‌దే. మార్గరెట్ కజిన్స్ గొప్పతనం వేరు. ఐర్లండ్ నుంచి వచ్చిన ఆవిడ పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి, ఆ స్వరాలని కాగితం మీద పెట్టింది. అది చిన్న పనేమీ కాదు.

మదనపల్లె_టమాటా
సగమేనా. మీరు పాత పేపర్లు అమ్మేటప్పుడు కూడా ఇలాగే తూకం వేస్తారా?

క్లారినెట్_బాబాయ్
కాగితం మీద పెట్టడం చిన్న పని కాదని పాతపేపర్లు గారు అన్నారు, దానిమీద నేనో మాట చెప్పాలి. నేను పోలీసు బ్యాండులో ముప్పై ఒక్క ఏళ్లు క్లారినెట్ వాయించి రిటైరయ్యాను.

పాట పాడేవాడు గొంతుతో జారుతాడు, సాగదీస్తాడు, ఎక్కడో ఆగి ఊపిరి పీలుస్తాడు. బ్యాండులో ముప్పై మంది ఉంటారు. ముప్పై మందీ ఒకేచోట ఊపిరి తీసుకోవాలి. ట్రంపెట్‌వాడికీ, డ్రమ్ముల వాడికీ ఒకే నడక ఉండాలి. వందేమాతరాన్ని కాదన్నారని చాలామంది బాధపడతారు, దానికి మతం గొడవ ఒక కారణం, సరే. కానీ వాయిద్యం కారణం కూడా ఉంది. రేడియోలో పొద్దున్నే వచ్చే వందేమాతరం వినండి. దేశ్ రాగం. గమకాలు ఎక్కువ. గొంతుకి అది అమృతం. అదే ట్యూబా అనే పెద్ద బాకాకి ఇస్తే గేదె అరిచినట్టుంటుంది. పైగా ఆ పాటకి బాణీలు ఒకటా రెండా, ఎవరి ఊళ్లో వాళ్లది. ఏది వాయించాలి?

మాస్టర్ కృష్ణారావు అని మరాఠీ సంగీత విద్వాంసుడు, వందేమాతరాన్ని బ్యాండుకి పనికొచ్చేలా మార్చి రాజ్యాంగ సభ సభ్యుల ముందు వాయించి చూపించాడు కూడా. మంచి ప్రయత్నమే. కానీ అప్పటికి జనగణమన ముందుకు వెళ్లిపోయింది. దానికి అడుగు ఉంది. లెఫ్ట్ రైట్ దానంతట అదే పడుతుంది. తర్వాత హెర్బర్ట్ మరిల్ అనే ఇంగ్లీషాయన ఆర్కెస్ట్రాకి రాశాడు. మేం వాయించినదంతా ఆ కుటుంబమే.

ఇంకో ముక్క. జాతీయ గీతం ముందు డ్రమ్ రోల్ ఉంటుంది గమనించారా? అది నిదానపు నడకలో ఏడు అడుగులంత సేపు. చిన్నగా మొదలై, పెద్దదై, మళ్లీ చిన్నదై, ఏడో దెబ్బ దాకా వినబడాలి. ఒక్క దెబ్బ ఖాళీ. అప్పుడు పాట. అక్కణ్ణించి 52 సెకన్లు. నేను చేరిన కొత్తలో ఆ ఖాళీ దెబ్బలో వాయించేశాను. ఒక్కణ్ణే. జిల్లా కలెక్టర్ ముందు. ఆ తర్వాత నెల్లాళ్లు నా పేరు "తొందర" అయింది.

బెజవాడ_బుల్లోడు
తొందర బాబాయ్ 😂😂

సీతాఫలం
52 సెకన్లు అని స్కూల్లో చెప్పేవాళ్లు, మేం 70 సెకన్లకి తక్కువ ఎప్పుడూ పాడలేదు. "పంజాబ సింధు" దగ్గర వెనక వరస ఎప్పుడూ ఒక లైను వెనకే ఉండేది.

గోదారిగట్టు
బాబాయ్ గారు చెప్పింది బాగుంది కానీ, వందేమాతరాన్ని ట్యూబాతో కొలిస్తే నాకు ఒప్పదు. మా రాజమండ్రి వాణ్ణి అడగండి దాని బరువెంతో.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ కోస్తా ఊళ్లన్నీ తిరిగారు. రాజమండ్రిలో ఆయన ఇంగ్లీషులో మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగులో చెప్పారు. భారతదేశాన్ని పాడియావుతో పోల్చి, తెల్లవాళ్లని గడుసరి గొల్లలని ఆయన చెప్పిన పద్యం ఇప్పటికీ మా ఇంట్లో నోటికి వచ్చు. పాల్ వెళ్లిపోయాక ట్రైనింగ్ కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని క్లాసుకి వెళ్లారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు, సర్కారు ఉద్యోగానికి పనికిరాడన్నారు. ఒక బ్యాడ్జీకి ఒక జీవితం. ఆయన ఆగలేదు, పత్రిక పెట్టి మరుసటి ఏడు జైలుకి కూడా వెళ్లారు.

జనగణమన ఎవరినీ జైలుకి పంపలేదు. వందేమాతరం పంపింది. అనధికారికం అంటే ఇదీ.

కాకినాడ_కాజా
రాజమండ్రి చెప్పి కాకినాడ వదిలేస్తే ఎట్టా. అదే ఏడు మే 31. కెంప్ అని డాక్టరు దొర బండిలో పోతున్నాడు. దారిలో ఒక కుర్రాడు వందేమాతరం అన్నాడు. దొరకి కోపం వచ్చి ఆ పిల్లాణ్ణి స్పృహ తప్పేలా కొట్టాడు. రాత్రికి జనం పోగై తెల్లవాళ్ల క్లబ్బు మీద పడ్డారు. పాట మొత్తం కూడా కాదు సార్, రెండు మాటలు.

ఇరానీ_చాయ్
ఇక నిజాం వైపు కథ వేరు. 1947 ఆగస్టు 15న మా నానమ్మ హైదరాబాద్‌లో స్కూలుకి వెళ్లేది. ఆ రోజు ఆమెకి ఏ స్వాతంత్ర్యం లేదు, మామూలు శుక్రవారమే. హైదరాబాద్ సంస్థానానికి తన సొంత గీతం ఉండేది, ఉర్దూలో. ఈ రాజ్యం కలకాలం ఉండాలి, ఉస్మాన్ పాదుషా చల్లగా ఉండాలి అని అర్థం. స్కూల్లో పొద్దున్నే అదే. నానమ్మకి ఆ బాణీ తొంభై ఏళ్లు దాటినా గుర్తుంది, మాటలు సగం పోయాయి. పోలీసు చర్య అయ్యాక, అంటే 1948 సెప్టెంబర్ తర్వాత, ఒకరోజు వెళ్లేసరికి పాట మారిపోయింది. కొత్త పాట ఎవరికీ రాదు, టీచర్‌కి కూడా రాదు. అందరూ "జయహే" దగ్గర మాత్రం గట్టిగా అనేవాళ్లట.

కాబట్టి పిల్లకాలువ అన్నా, ఆ క్విజ్ ప్రశ్నకి "ఎవరి ఊళ్లో" అని ఎదురు ప్రశ్న వేయాలి.

పిల్లకాలువ
ఇది నాకు అస్సలు తట్టలేదు. నానమ్మ గారికి నమస్కారాలు చెప్పండి.

ఓరుగల్లు_పోరి
ఇరానీ చాయ్ అన్న అసలైంది ఆపిండు. 1938ల ఉస్మానియా హాస్టల్ పోరగాళ్లు ప్రార్థన గదిల వందేమాతరం పాడితే బంద్ జేయమన్నరు. వాళ్లు ఆపలే. సమ్మె జేసిన్రు, కాలేజీలకెల్లి వందల మందిని తీసేసిన్రు. మా వరంగల్ దిక్కు గూడ పాకింది. చదువు ఆగొద్దని నాగపూర్ యూనివర్సిటీకి పోయి చేరిన్రు చానామంది. పీవీ నర్సింహారావు సారు అట్ల పోయినోళ్లల్ల ఒకరు. అంటే ఒక పాట వల్ల కాలేజీ పోయిన పోరడు ఒకనాడు ప్రధానమంత్రి అయిండు.

ఇంగ రామచంద్రరావు గారు. జైలుల కొడుతుంటే దెబ్బ దెబ్బకు వందేమాతరం అన్నడట. గదే ఆయన ఇంటిపేరయింది, వందేమాతరం రామచంద్రరావు. దేశంల ఇంకెవరికన్న పాట ఇంటిపేరయిందా?

గోదారిగట్టు
ఓరుగల్లు చెల్లీ, చేతులెత్తి దండం. బ్యాడ్జీ మీద రాసిన నేనే ఓడిపోయాను.

లా_పాయింట్
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. జనగణమన ఐదో జార్జ్ కోసం రాసింది కదా? 1911లో ఆయన వచ్చినప్పుడే కదా పాడింది?

పాతపేపర్లు
వస్తుందనుకున్నాను, వచ్చింది. ప్రతి థ్రెడ్‌లో నలభై రిప్లైల లోపే వస్తుంది, ఇక్కడ ఇంకా త్వరగా వచ్చింది.

1911 డిసెంబర్ 27, కాంగ్రెస్ సభ రెండో రోజు. ఆ రోజు జనగణమన పాడారు. చక్రవర్తిని పొగుడుతూ వేరే ఒక హిందీ పాట కూడా పాడారు, అది రాంభుజ్ చౌదరిది. మర్నాడు ఇంగ్లీషు పత్రికలు రెండిటినీ కలిపేసి, ఠాగూర్ చక్రవర్తికి స్వాగత గీతం రాశాడని వేశాయి. రిపోర్టర్‌కి బెంగాలీ రాకపోతే జరిగేది అదే. 1937లో ఠాగూర్ ఒక ఉత్తరంలో స్పష్టంగా రాశారు: ఎవరో రాజభక్తి మిత్రుడు చక్రవర్తి మీద పాట అడిగితే తనకి ఒళ్లు మండిందని, యుగయుగాలుగా జనాన్ని నడిపించే భాగ్యవిధాత ఏ జార్జ్ అయినా కాలేడని. పాటలో మిగతా నాలుగు చరణాలు చదివితే కూడా తెలిసిపోతుంది. ఒకచోట విధాత రథసారథి, ఇంకోచోట ఒడిలో పెట్టుకుని కాపాడే తల్లి. ఐదో జార్జ్ గారిని తల్లి అని ఎవరైనా అంటారా?

లా_పాయింట్
అడిగి తెలుసుకున్నాను, తప్పేముంది. తల్లి సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను.

రచ్చబండ_మోడరేటర్
ఒకరు ఒప్పుకున్నారు. ఈ ఫోరంలో పదకొండేళ్లలో ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీశాను.

కాకినాడ_కాజా
నాది చిన్న గోల. పంజాబు, సింధు, గుజరాతు, మరాఠా, ద్రావిడ, ఉత్కళ, వంగ. మన పేరేదండీ? పక్కింటి ఒరియావాళ్లకి ఉత్కళ అని ముద్దుగా పెట్టారు, మనల్ని ద్రావిడలో కలిపేశారు.

సీతాఫలం
1911లో తెలుగువాళ్లు సగం మద్రాసు ప్రెసిడెన్సీలో, సగం నిజాంలో ఉన్నారు. కన్నడ, మలయాళం వాళ్ల పేర్లు కూడా లేవు. అయినా ఛందస్సులో ఆంధ్ర ఎక్కడ ఇరికిస్తారు? సింధు పాకిస్తాన్‌కి వెళ్లిపోయింది కదా, తీసేయండని సుప్రీం కోర్టుకి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. 2005లో కోర్టు కొట్టేసింది. ఒక పేరు తీయడానికి ఒప్పుకోకపోతే ఇక కొత్తది చేరుస్తారా.

బెజవాడ_బుల్లోడు
యునెస్కో ప్రపంచంలోకెల్లా బెస్ట్ జాతీయ గీతం అని అవార్డు ఇచ్చింది కదా, అందులో ఆంధ్ర ఉంటే ఫస్ట్ కాదు, డబుల్ ఫస్ట్ వచ్చేది.

సీతాఫలం
బుల్లోడూ, ఆ యునెస్కో మెసేజ్ అబద్ధం. వాట్సాప్ పుట్టకముందు ఈమెయిల్స్‌లో తిరిగేది. మేం అలాంటిదేమీ ఇవ్వలేదని యునెస్కో వాళ్లే చెప్పారు.

బెజవాడ_బుల్లోడు
మా ఫ్యామిలీ గ్రూపులో ప్రతి ఆగస్టుకి మా పెదనాన్న పెడతారు. నేను ప్రతి ఆగస్టుకి నమస్కారం ఎమోజీ పెడతాను. ఇక మీదట కూడా అదే పెడతాను, ఆస్తి పంపకాలు ఇంకా కాలేదు.

సింగపూర్_సుబ్బు
సారే జహాసె అచ్ఛా గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇక్బాల్ 1904లో రాశారు. అప్పుడు హిందుస్థాన్ హమారా. 1910కి ఆయన ఆలోచన మారి, అదే ఛందస్సులో ఇంకో పాట రాశారు, అందులో ముస్లిం సముదాయం, ప్రపంచమంతా మాది అని. పాకిస్తాన్‌కి ఆయన జాతీయ కవి. మనకి ఆయన మొదటి పాట మిగిలింది. ఇప్పుడు మనం పాడే బాణీ పండిట్ రవిశంకర్ కట్టింది. 1984లో రాకేశ్ శర్మని అంతరిక్షం నుంచి ఇండియా ఎలా ఉంది అని ఇందిరాగాంధీ అడిగితే ఆయన చెప్పింది ఈ పాట మొదటి ముక్కే. ఏ గెజిట్‌లోనూ లేని పాట అంతరిక్షం దాకా వెళ్లింది.

క్లారినెట్_బాబాయ్
సారే జహాసె బ్యాండులో దొరబాబు లాంటిది. రిపబ్లిక్ డే వేడుకల ముగింపులో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో బ్యాండ్లు తిరిగి వెళ్లేటప్పుడు వాయిస్తారు. పరేడ్ అలసట అంతా దానితో పోతుంది. వాయించేవాడికి నవ్వు వస్తుంది, అది దాని గుణం.

గోదారిగట్టు
పాకిస్తాన్ వాళ్లది ఇంకా విచిత్రం. ముందు బాణీ వచ్చింది, తర్వాత మాటలు. 1949లో చాగ్లా బాణీ కట్టారు. ఇరాన్ షా వస్తున్నాడని 1950లో మాటలు లేకుండానే వాయించారు. హఫీజ్ జలంధరీ మాటలు 1952లో. అధికారికం 1954లో. మన సినిమావాళ్ల పద్ధతి.

ఓరుగల్లు_పోరి
అంత దూరమెందుకు. మా జయ జయహే తెలంగాణ సంగతి సూడున్రి. ఉద్యమంల అందెశ్రీ సారు రాసిండు. పదేండ్లు స్కూల్లల్ల పాడిన్రు, సభలల్ల నిలబడి పాడిన్రు, కాని కాయితం మీద రాష్ట్ర గీతం కాదు. 2014ల రాష్ట్రం వస్తే 2024 జూన్ 2 దాక ఆగింది. నెహ్రూ గారు రెండున్నరేండ్లకే తేల్చిండు, నయం.

మదనపల్లె_టమాటా
మా తెలుగు తల్లికి కూడా అంతే చెల్లీ. తిరుపతి శంకరంబాడి సుందరాచారి గారు రాశారు. 1942లో దీనబంధు సినిమా కోసం, టంగుటూరి సూర్యకుమారి గొంతు. సినిమా ఎవరికీ గుర్తులేదు, పాట మాత్రం నిలబడింది.

ఓరుగల్లు_పోరి
గా పాట మేం పాడం గని, బాణీ మంచిగనే ఉంటది.

రచ్చబండ_మోడరేటర్
ఇక్కడితో ఆపండి. రాష్ట్ర గీతాల మీద వేరే థ్రెడ్ ఉంది, 212 రిప్లైలతో, తాళం వేసి ఉంది. ఎందుకు వేశానో అందరికీ తెలుసు.

పాతపేపర్లు
పిల్లకాలువ గారి ప్రశ్నకి చివరి ముక్క. 1950 జనవరి 24న ఏం జరిగిందంటే, ఓటింగ్ జరగలేదు. తీర్మానం పెట్టాలని ఒక దశలో అనుకుని, వద్దనుకున్నారు. అధ్యక్షుడు రాజేంద్ర ప్రసాద్ ఒక ప్రకటన చదివారు: జనగణమన జాతీయ గీతం, స్వాతంత్ర్య పోరాటంలో చారిత్రక పాత్ర ఉన్న వందేమాతరానికి దానితో సమాన గౌరవం. సభ చప్పట్లు కొట్టింది. ఆ రోజే సభ్యులు రాజ్యాంగం మీద సంతకాలు చేశారు. చివరికి పూర్ణిమా బెనర్జీ, మరికొందరు జనగణమన పాడారు. తర్వాత లక్ష్మీకాంత మైత్ర, మరికొందరు వందేమాతరం పాడారు. సభ ముగిసింది.

చాలా ఏళ్లు వందేమాతరంలో మొదటి రెండు చరణాలే ఎందుకు పాడారంటే, ఆ నిర్ణయం 1937 నాటిది. తర్వాతి చరణాల్లో దుర్గ పేరు వస్తుంది, ముస్లింలకి ఇబ్బంది అన్న మాట వచ్చింది. ఠాగూర్ సలహా అడిగారు, కాంగ్రెస్ వర్కింగ్ కమిటీ రెండు చరణాలకి పరిమితం చేసింది. అది సరైనదా కాదా అని ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నన్నడిగితే, 1896 కాంగ్రెస్ సభలో దాన్ని స్వయంగా పాడిన మనిషి సలహా ఇచ్చినప్పుడు వినాలి. ఆయనా ఠాగూరే.

గోదారిగట్టు
నేను ఒప్పుకోను. రాసినవాడి పాట రాసినట్టు పాడాలి. కానీ మోడరేటర్ గారు తాళం చెవి తీస్తున్నారు కాబట్టి ఆగుతున్నాను.

పిల్లకాలువ
అప్‌డేట్. ఈ రోజు స్కూలుకి వెళ్లొచ్చా. టీచర్ చాలా మంచావిడ. జవాబుల కాగితం పైనుంచి వచ్చింది సార్, మార్కు నేను మార్చలేను అన్నారు. కానీ 14 అర్ధరాత్రి మూడు పాటల సంగతి చెప్పగానే ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. శుక్రవారం అసెంబ్లీలో మీ అమ్మాయిని ఐదు నిమిషాలు మాట్లాడమనండి అన్నారు.

రాత్రి కూర్చుని ఈ థ్రెడ్ అంతా చదివి వినిపించాను. రాసుకుంది. చదివి చూస్తే పదకొండు నిమిషాలు వచ్చింది. ఏం తీసేయాలో చెప్పండి.

బెజవాడ_బుల్లోడు
యునెస్కో తీసేయండి. నా పరువు కోసం.

ఇరానీ_చాయ్
నానమ్మ ఉండాలి. "జయహే" దగ్గర గట్టిగా అనడం ఉండాలి. పిల్లలు నవ్వుతారు.

గోదారిగట్టు
పాకిస్తాన్ తీసేయండి. గాడిచర్లని తీస్తే మాత్రం ఊరుకోను.

ఓరుగల్లు_పోరి
దెబ్బ దెబ్బకు వందేమాతరం. అది చాలు.

క్లారినెట్_బాబాయ్
న్యూయార్క్ రికార్డు ఉంచమ్మా. మాట్లాడే ముందు ఏడు అడుగులంత సేపు ఆగి, ఒక దెబ్బ ఖాళీ వదిలి మొదలుపెట్టు. నాలా తొందరపడకు.

మదనపల్లె_టమాటా
మదనపల్లె ఉందా లేదా, ముందు అది చెప్పండి.

పిల్లకాలువ
ఉందండీ. "సగం" అని బ్రాకెట్లో రాసుకుంది.